నాన్‌జింగ్ రోజులు: నీళ్ళ రాత, రాతి ముద్ర, కత్తెర పువ్వు

2009 ఆగస్టు చివర్లో మావారి ఉద్యోగం వల్ల చైనాలోని నాన్‌జింగ్ వెళ్ళాం. అక్కడ ఒక హైస్కూల్లోని అంతర్జాతీయ విభాగంలో నాకు లెక్కల టీచరు పని దొరికింది. పిల్లలంతా చైనా పిల్లలే. పై చదువులకు వేరే దేశాలు వెళ్ళేవాళ్ళు కాబట్టి ఇంగ్లీషులో బ్రిటన్ పద్ధతి ఏ-లెవెల్ పరీక్షలు రాసేవాళ్ళు. గుంటూరులో ఇంటర్ పిల్లలకు చెప్పిన డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషనే అక్కడా చెప్పాను. 2014లో తిరిగి వచ్చేశాం.

చైనాలో ఉన్నామని తెలిస్తే మనవాళ్ళు మొదట అడిగేది తిండి గురించి. అది చెప్పడం నాకూ ఇష్టమే. కానీ నాన్‌జింగ్ అనగానే నాకు ముందుగా గుర్తొచ్చేది అక్కడి మనుషుల చేతులు. కూరగాయల కొట్టావిడ బేరాలు లేని వేళ క్రాస్ స్టిచ్ కుట్టుకుంటూ కూర్చునేది. మా గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన వేసవి రాగానే గుప్పెడంత వెదురు పంజరంలో కూత పెట్టే మిడతను పెంచేవాడు, దానికి సొరకాయ ముక్క సన్నగా తరిగి పెట్టేవాడు. చెప్పులు కుట్టే ఆయన దగ్గర పనిముట్ల పక్కనే ఒక ఎర్హూ, అంటే రెండు తీగల వాయిద్యం ఉండేది. వీళ్ళెవరూ కళాకారులు కారు. తాము చేసేదాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్ళు కూడా కాదు. పని అయిపోయాక మిగిలిన పొద్దును చేతులతో ఏదో ఒకటి చేస్తూ గడపడం ఆ ఊరి అలవాటు. అక్కడున్నన్నాళ్ళూ నేను ఆ అలవాటును ఇష్టంగా గమనిస్తూనే ఉన్నాను.

మేమున్నది లిఫ్ట్ లేని ఆరంతస్తుల పాత భవనం. ఎండ కాసిన రోజున బాల్కనీల నిండా బొంతలు ఆరేసేవారు. డిసెంబరులో ఉప్పు పట్టించిన చేపలు, ఇంట్లో చేసుకున్న సాసేజ్‌లు అక్కడే వేలాడేవి. నాన్‌జింగ్ చలి గురించి ఒక మాట చెప్పాలి. చైనాలో చలికాలం ఇళ్ళకు వేడి సరఫరా చేసే ఏర్పాటు మామూలుగా చిన్‌లింగ్ కొండలకు, హ్వాయ్ నదికి ఉత్తరాన ఉన్న ఊళ్ళకే ఉంటుంది. నాన్‌జింగ్ ఆ గీతకు దక్షిణాన పడింది. అందుకని ఇంట్లో కూడా బయటంత చలే. పిల్లలు లావుపాటి కోట్లతోనే క్లాసులో కూర్చుని, వేడినీళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకుని నోట్స్ రాసుకునేవాళ్ళు. జులై వస్తే ఊహాన్, చోంగ్‌చింగ్‌లతో పాటు నాన్‌జింగ్‌ను కూడా కొలిమి ఊరు అని చెప్పుకుంటారు. గుంటూరు ఎండల్లో పెరిగినదాన్ని కాబట్టి ఆ వేడి నాకు కొత్త కాదు. దానికి ముందు, జూన్ మధ్యలో మొదలయ్యే ముసురే కష్టం. పుస్తకాల అట్టలకు, తోలు చెప్పులకు బూజు పట్టేది.

మా ఎదురింట్లో ఒక పెద్ద దంపతులు ఉండేవారు. ఆవిణ్ణి ఆయి అని, ఆయన్ని షూషు అని పిలిచేదాన్ని. మన పిన్ని, బాబాయి లాంటి పిలుపులే. వాళ్ళు నన్ను లావోషీ అనేవారు, అంటే టీచరుగారు. ఆవిడ బట్టల మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. అప్పట్లో చైనాలో ఫ్యాక్టరీ ఆడవాళ్ళకు 50 ఏళ్ళకు, మగవాళ్ళకు 60 ఏళ్ళకు రిటైర్మెంట్. షూషు కుర్రతనంలో యాంగ్జీ నది వంతెన కట్టేటప్పుడు అక్కడ కార్మికుడు. కింద రైలు, పైన రోడ్డు ఉన్న ఆ పెద్ద వంతెన 1968లో పూర్తయింది. రష్యావాళ్ళతో సంబంధాలు చెడి వాళ్ళ సాయం ఆగిపోయాక చైనావాళ్ళు సొంతంగా కట్టుకున్న వంతెన అది. దాని మీదుగా ఎప్పుడు వెళ్ళినా షూషు కిటికీ పక్కనే కూర్చునేవారు.

ఆయి చేతిలో ఎప్పుడూ చిన్న కత్తెర ఉండేది. ఎర్ర కాగితం మడతలు పెట్టి, పెన్సిల్ గీత ఒక్కటి కూడా లేకుండా కత్తిరించేవారు. నేను దగ్గర కూర్చుని చూసేదాన్ని. కుడిచేతిలో కత్తెర ఉన్న చోటే ఉండి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, ఎడమచేతిలో కాగితమే తిరుగుతుంది. లోపలి చిన్న కన్నాలు ముందు, బయటి అంచు చివర. మడత విప్పితే చేప లోపల తామర, తామర లోపల చిన్న నాణెం. 2010 ఫిబ్రవరిలో వాళ్ళ కొత్త ఏడాదికి మా కిటికీ అద్దాల మీద పులులు అతికించారు, అది పులి సంవత్సరం. మరుసటి ఏడాది కుందేళ్ళు. మా పాపకు అప్పుడు నాలుగేళ్ళు. పాప కోసం మొద్దు కత్తెర ఒకటి వేరుగా కొని తమ సొరుగులో ఉంచారు. మా ఇంట్లో ఇస్తే ఎక్కడ పెట్టామో మర్చిపోతామని ఆవిడ భయం.

ఆవిడకు చిన్నప్పుడు ఇవేవీ నేర్చుకునే తీరిక దొరకలేదు. మిల్లులో షిఫ్టులు, ఇంట్లో పిల్లలు, రేషన్ కూపన్ల కాలం. రిటైరయ్యాకే పెద్దవాళ్ళ యూనివర్సిటీలో చేరారు. అలాంటివి చైనాలో ఊరూరా ఉన్నాయి. మొదటిది 1983లో షాన్‌డోంగ్ రాష్ట్రంలో మొదలైందట. చేతిరాత, బొమ్మలు వేయడం, ఫోటోలు తీయడం, పాట, తైచీ, ఇలా ఏదైనా నేర్చుకోవచ్చు. ఫీజు చాలా తక్కువ. కొన్ని క్లాసులకు సీటు దొరకడమే కష్టం. మా ఆయి వారానికి రెండు రోజులు సంచిలో కుంచెలు, ఫ్లాస్కులో వేడినీళ్ళు పెట్టుకుని బయలుదేరేవారు. మెట్లమీద కలిస్తే "లావోషీ, ఇవాళ ప్లమ్ కొమ్మ వేయాలమ్మా, హోంవర్క్ చూపించాలి" అనేవారు. ఆ ముఖంలో నిజంగానే పరీక్షకు వెళ్ళే పిల్ల టెన్షన్ కనపడేది.

ఇక బడిలో నా పిల్లల సంగతి. వాళ్ళ దినచర్య వేరే లోకం. పొద్దున్నే మైదానంలో మైకు చెప్పినట్టు కసరత్తు. రోజుకు రెండుసార్లు కళ్ళ వ్యాయామం. స్పీకర్లో ఒక పాత బాణీ, అంకెల లెక్క వస్తుంది. క్లాసంతా కళ్ళు మూసుకుని కనుబొమల మొదట్లో, కణతల మీద వేళ్ళతో నొక్కుకుంటారు. 1963 నుంచి చైనా బడుల్లో ఉన్న పద్ధతి ఇది. ఆ అయిదు నిమిషాలు టీచర్లు కూడా మాట్లాడరు. మధ్యాహ్నం భోజనం కాగానే బల్లమీద చిన్న దిండు పెట్టుకుని కునుకు. సాయంత్రం క్లాసులు అయ్యాక మళ్ళీ రాత్రి దాకా స్టడీ అవర్స్. గుంటూరు, విజయవాడ హాస్టళ్ళు తెలిసినదాన్ని కాబట్టి నాకు ఆ స్టడీ అవర్స్ వింతగా అనిపించలేదు, బాధగా అనిపించింది.

నా క్లాసులో ఒక అమ్మాయి పియానో పదో గ్రేడు పాసైంది. సంగీత కళాశాలల్లో చదవని బయటి పిల్లలకు పెట్టే పరీక్షల్లో అదే ఆఖరి గ్రేడు. ఇప్పుడేం వాయిస్తున్నావని అడిగితే, "పాసయ్యాక మూత తెరవలేదు లావోషీ" అంది మామూలుగా. మన దగ్గర కూడా ఇదే చూశాను. సంగీతం, నాట్యం, బొమ్మలు, అన్నీ తొమ్మిదో తరగతి దాకా. ఒక సర్టిఫికెట్, ఒక కప్పు, గోడమీద ఒక ఫోటో, ఆ తర్వాత చదువు. నాన్‌జింగ్‌లో నాకు తోచిందేమిటంటే, ఆ ఊళ్ళో సరదాకి ఏదైనా చేసుకునే అదృష్టం తాతలకు, అమ్మమ్మలకే ఉంది. మనవడు ట్యూషన్‌కు వెళ్తే తాత పార్కులో గాలిపటం ఎగరేస్తాడు. ఒకే ఇంట్లో ఈ రెండూ. పిల్లలకు ఆ తీరికలో సగమైనా ఇవ్వాలని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

అయినా పిల్లలు ఊరుకోరు కదా. ప్రతి క్లాసులో వెనక గోడకు ఒక నల్లబల్ల ఉండేది, దానిమీద రంగు సుద్దలతో గోడపత్రిక తయారుచేయాలి. బడి మొత్తానికి పోటీ. ఆ వారం మా పిల్లల్ని చూడాలి. తడిగుడ్డతో బల్ల తుడిచి, దారానికి సుద్ద రాసి లాగి గీతలు కొట్టి, మూలల్లో మబ్బులు, కొంగలు వేసి, ఎవరి చేతిరాత బాగుంటే వాళ్ళని కుర్చీ ఎక్కించేవారు. సుద్ద పొడిలో వేళ్ళు ముంచి రంగులు కలిపేవాళ్ళు. నా లెక్కల పేపర్ల అంచుల్లో కామిక్ బొమ్మలు వేసే కుర్రాడొకడు ఉండేవాడు. ఇంటిగ్రేషన్ గుర్తుకు కాళ్ళు, చేతులు పెట్టి పరిగెత్తించేవాడు. వాడికి ఆ పత్రిక బాధ్యత అప్పగించాను. ఇంకో అమ్మాయి సన్నటి కాగితం పట్టీలు మడిచి గోరంత నక్షత్రాలు చేసి సీసా నింపేది. సెప్టెంబరు 10 వాళ్ళకు టీచర్స్ డే, మనకు 5. ఆ అయిదు రోజుల తేడా వాళ్ళకు భలే నచ్చింది. రెండు రోజులూ కార్డులు చేసిచ్చేవాళ్ళు.

షువాన్‌వు సరస్సు పార్కుకు 2010 అక్టోబరులో టికెట్ తీసేశారు. అప్పటి నుంచి ఆదివారం పొద్దున్న మా ఇద్దరిళ్ళవాళ్ళం అక్కడికి నడిచేవాళ్ళం. సరస్సుకు ఒక పక్క పాత కోటగోడ. 14వ శతాబ్దంలో మింగ్ చక్రవర్తి కట్టించింది, ఇప్పటికీ సుమారు 25 కిలోమీటర్లు నిలిచి ఉంది. ఆ ఇటుకల మీద ఏ జిల్లా నుంచి వచ్చింది, ఏ అధికారి చూశాడు, ఏ బట్టీలో ఎవరు కాల్చారు అని పేర్లు అచ్చొత్తి ఉంటాయి. నాసిరకం ఇటుక వస్తే ఎవరిని అడగాలో తెలియడానికి. షూషు ఆ పేర్ల మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివేవారు. వంతెన మీద తను బిగించిన రివెట్లకు పేరు లేదు కదా అని ఒకసారి అన్నారు.

ఆ పార్కులో పెద్దవాళ్ళు నీళ్ళతో రాసేవారు. నడుమెత్తు కర్రకు చివర స్పాంజిని కుంచె మొనలా కోసి బిగిస్తారు. పక్కన చిన్న బకెట్టు. నేలమీద పరిచిన రాతి పలకలు ఒక్కోటి ఒక్కో అక్షరానికి గడి. తాంగ్ రాజుల కాలం నాటి పద్యాలు నిలువు వరుసల్లో రాసుకుంటూ వెనక్కి అడుగులు వేస్తారు. నాలుగో పాదం రాసేసరికి మొదటి పాదం ఆరిపోతుంది. చుట్టూ చూసేవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని "ఈ గీతలో బలం చాల్లేదు" అని అభిప్రాయం చెబుతారు. రాసినాయన ఒప్పుకుని మళ్ళీ రాస్తాడు. కాగితం ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు, దాచుకునే బాధ లేదు. మన వాకిట్లో పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి కాళ్ళకింద చెదిరిపోతుంది, అయినా మర్నాడు మళ్ళీ వేస్తాం. నాకు ఆ రాతను చూస్తే మా అమ్మ వాకిలే కనపడింది.

ఆ మాట ఆయికి చెప్పాను. ఆవిడ వెంటనే వెళ్ళి ఒక పెద్దాయన దగ్గర కుంచె అడిగి తెచ్చి నా చేతికిచ్చారు. "మీ ఊరిది వేసి చూపించు లావోషీ." అక్టోబరు చివరి రోజులు, ఎండ మెత్తగా ఉంది, నీళ్ళు కాసేపైనా నిలుస్తాయనిపించింది. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చేదాకా. తరవాత మెలికలు తిప్పడం మొదలుపెట్టాను. జనం గుమిగూడారు. ఒకాయన చుక్కలు లెక్కపెట్టి "ముప్ఫై ఏడు" అన్నాడు. ఇంకొకాయన గీత ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలిసిందని కనిపెట్టి, కర్ర తీసుకుని గాల్లో ఆ దారినే తిప్పుతూ నడిచాడు. ఎండిపోయిన చుక్కల్ని మరొకరు తమ కుంచెతో మళ్ళీ పెడుతూ సాయం చేశారు. అలా పదిమంది కలిసి ముగ్గును పట్టి ఉంచారు. ఆయి చిన్న పుస్తకంలో దాన్ని ఎక్కించుకున్నారు.

సోమవారం క్లాసులో అదే లెక్కగా ఇచ్చాను. సందు చుక్కల ముగ్గుకు అంచుకు నాలుగు చుక్కలుంటే మొత్తం 37. అంచుకు రెండైతే 7, మూడైతే 19. అయిదైతే ఎంత? 61 అని అందరూ చెప్పారు. సూత్రం కావాలన్నాను. బొమ్మలేసే కుర్రాడు కాసేపు తల గోక్కుని బోర్డు దగ్గరికి వచ్చి, నాలుగు ఘనం నుంచి మూడు ఘనం తీసేస్తే 64 లోంచి 27 పోతే 37 అని రాశాడు. తర్వాత ఘనాన్ని ఒక మూలనుంచి చూస్తున్నట్టు బొమ్మ గీసి, పైపొర ఒలిస్తే కనపడేది ఈ ముగ్గే అన్నాడు. ఎన్నో ఏళ్ళు చుక్కలు పెట్టినదాన్ని, నాకు అది అంతకు ముందు తట్టలేదు. టీచరు పనిలో నాకు దొరికిన గొప్ప సంతోషాల్లో అదొకటి.

షూషు పని రాతిమీద ముద్రలు చెక్కడం. జెజియాంగ్ రాష్ట్రంలో చింగ్‌తియన్ అనే చోట దొరికే మెత్తటి రాయిని చతురస్రంగా కోసి అమ్ముతారు, ఉక్కు ఉలి సులువుగా దిగుతుంది. గాజుపలక మీద గరుకు కాగితం పరిచి దాని ముఖం నునుపు చేసి, అక్షరాలు అద్దంలో కనపడేట్టు తిప్పి రాసి చెక్కుతారు. ఒకరోజు "మీ పేరు మీ లిపిలో రాసివ్వు" అన్నారు. మూడక్షరాలు రాసిచ్చాను. ఆయన ఆ కాగితాన్ని నాలుగు పక్కలా తిప్పి చూశారు. వాళ్ళ ముద్ర అక్షరాలు చాలావరకు నిలువు గీతలు, అడ్డ గీతలు. ఉలి తిన్నగా తోసుకుపోతుంది. మనవన్నీ గుండ్రాలు. ఉలిని తిప్పితే రాయి పెచ్చులూడుతుంది. కాబట్టి ఉలిని కదలకుండా పట్టి, ఎడమచేత్తో రాయినే వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ చిన్న చిన్న తోపులతో చెక్కాలని ఆయనే కనిపెట్టుకున్నారు. సరిగ్గా ఆయి కత్తెర పద్ధతే. తలకట్టు దగ్గర ప్రతిసారీ విరిగేది. విరిగితే ముఖం అరగదీసి మళ్ళీ మొదలు. ఆ రాయి మొదట నా బొటనవేలంత ఎత్తుండేది, అక్షరం కుదిరేసరికి సగమైంది. చివరికి కూడా తలకట్టు కొస కొద్దిగా పెచ్చు పోయే ఉంది. ముద్రకు ఆ మాత్రం పగులు అందమని వదిలేశారు.

ముద్ర వేసే ఎర్ర ముద్ద ఎలా చేస్తారో అడిగితే ఆయన చెప్పింది విని నాకు నవ్వొచ్చింది, సంతోషంతో. ఇంగిలీకం పొడి, ఆముదం, మాచిపత్రి జాతి ఆకు నుంచి తీసిన పీచు. మూడూ మా ఇంట్లో పెద్దవాళ్ళు వాడినవే. మందుకు ఒకటి, తలకొకటి, వినాయకచవితి పత్రికి ఒకటి. ఆ ముద్రను పిల్లల టెస్టు పేపర్ల మీద మార్కుల పక్కన వేసేదాన్ని. అందులో ఏ అక్షరం ఎక్కడుందో కనిపెట్టడం వాళ్ళకొక ఆట అయింది.

మేం వెళ్ళిన 2009లోనే యునెస్కో వారసత్వ జాబితాలో చైనా చేతిరాత, ముద్రలు చెక్కడం, కాగితం కత్తిరించే కళ, నాన్‌జింగ్ యూన్‌జిన్ పట్టు నేత అన్నీ చేరాయి. యూన్‌జిన్‌కు అక్కడ ఒక మ్యూజియం ఉంది. మా అమ్మమ్మ వాళ్ళది చీరాల. మా మేనమామ గుంతమగ్గం మీద నేసేవాడు. పడుగు, పేక, నాడె అనే మాటలు నాకు అక్షరాలకన్నా ముందు వచ్చాయి. అలాంటి నేను ఆ మగ్గం ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఇంటి పైకప్పంత ఎత్తు. ఒకతను పైన కూర్చుని పడుగు దారాల కట్టల్ని డిజైన్ ప్రకారం లాగుతాడు. కింద ఒకామె బంగారు దారం, నెమలి ఈకల నూలు, రంగు పట్టు చిన్న చిన్న కదుళ్ళతో ఎక్కడికక్కడ పేకగా అల్లుతుంది. ఇద్దరూ రోజంతా కష్టపడితే అయిదారు సెంటీమీటర్లు. చక్రవర్తుల దుస్తులకు నేసిన గుడ్డ అది. వీడియో తీసి మామయ్యకు చూపించాను సెలవుల్లో వచ్చినప్పుడు. చాలాసేపు చూసి ఒకే మాట అడిగాడు: "పైన కూర్చున్నోడికి కూలి ఎంతమ్మా?" ఆ ప్రశ్న అక్కడ నాకు తట్టలేదు. తట్టి ఉంటే అడిగి రావలసింది.

తిండి గురించి చెప్పడం ఇష్టమన్నాను కదా. నాన్‌జింగ్ అంటే బాతు. ఉప్పులో ఊరవేసి ఉడికించిన బాతు కోసం సాయంత్రాలు కొట్ల ముందు క్యూలుండేవి. మేం శాకాహారులం కాబట్టి మాకు ఆ ఊరు మరో రకంగా దొరికింది. నాన్‌జింగ్ వాళ్ళకు అడవి ఆకుకూరలంటే ప్రాణం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోటగోడ పక్కన గడ్డిలో ఆడవాళ్ళు చిన్న కత్తి, ప్లాస్టిక్ సంచి పట్టుకుని వంగి కూరాకు ఏరుతుంటారు. ఆయితో నేనూ వెళ్ళేదాన్ని. వేసవిలో ఒకరోజు ఆవిడ ఏరుతున్న ఆకు చూసి ఆగిపోయాను. గంగవాయిలి కూర! వాళ్ళు దాన్ని వేడినీళ్ళలో వేసి తీసి ఎండబెట్టి దాచుకుంటారు, చలికాలం రొట్టెల్లో కూరడానికి. నేను పప్పులో వేసి వండి పంపాను. షూషుకు చింతపండు పులుపు నచ్చింది, పప్పు మాత్రం మెత్తగా ఎందుకు చేశావని అడిగారు. జిమింగ్ గుడిలో కూరగాయలతో చేసే నూడిల్స్ దొరికేవి, పైఅంతస్తు కిటికీలోంచి సరస్సు చూస్తూ తినొచ్చు. మా బంధువులు ఎవరొచ్చినా మొదట అక్కడికే తీసుకెళ్ళేవాళ్ళం.

2011 మార్చిలో మెట్రో మూడో లైను కోసం రోడ్ల పక్క చెట్లు తీసేయడం మొదలైంది. ఆ చెట్లంటే ఆ ఊరికి ఎంత ప్రేమో అప్పుడే తెలిసింది నాకు. చైనా గణతంత్రానికి ఆద్యుడైన సన్ యట్‌సెన్ భౌతికకాయాన్ని 1929లో తెచ్చి కొండమీద సమాధి చేసిన రోజుల్లో ఆ దారుల వెంట నాటడం మొదలుపెట్టిన పెద్ద చెట్లు. రోడ్డుకు రెండు పక్కల నుంచీ కొమ్మలు కలిసి పందిరి వేస్తాయి. ఏప్రిల్ నెలాఖరులో కాయలు పగిలి నూగు ఎగిరి కళ్ళల్లో, ముక్కుల్లో పడుతుంది, అందరూ తుమ్ముతూ తిట్టుకుంటారు. అదే జనం చెట్లు కొడుతున్నారని తెలియగానే ఆకుపచ్చ రిబ్బన్లు తెచ్చి మానులకు చుట్టారు. నా పిల్లలు కూడా స్టడీ అవర్స్‌కు ముందు దొరికిన గంటలో వెళ్ళి కట్టి వచ్చారు. నగరపాలకులు పని ఆపి ప్లాను మార్చారు. చాలా చెట్లు మిగిలాయి.

నవంబరులో చీష్యా కొండ ఎర్రబడుతుంది. ఆకులు చూడ్డానికి ఊరంతా వెళ్తుంది, మేమూ వెళ్ళాం. అక్కడున్న గుడి 5వ శతాబ్దం చివర్లో వెలిసింది. చైనా బౌద్ధంలో మూడు గ్రంథాల శాఖ అని ఒకటుంది, దానికి ఈ గుడే పుట్టిల్లు. ఆ మూడింట్లో రెండు మన నాగార్జునుడివి, ఒకటి ఆయన శిష్యుడు ఆర్యదేవుడిది. 5వ శతాబ్దం మొదట్లో కుమారజీవుడు వాటిని చైనా భాషలోకి తెచ్చాడు. షూషు గుడి గోడమీది పలక చదివి ఆ పేరు చెప్పగానే, ఆయన పేరు పెట్టుకున్న కొండ అప్పటి మా గుంటూరు జిల్లాలోనే కృష్ణ ఒడ్డున ఉందని, చుట్టూ రిజర్వాయరు నీళ్ళొచ్చి ఇప్పుడు దీవి అయిందని చెప్పాను. ఆయన నన్ను అక్కడే ఆపి, కొండ ఆకారం, నది ఏ దిక్కుకు పారుతుంది, ఆనకట్ట ఎంత ఎత్తు అని ఒక్కొక్కటే అడిగారు. ఆనకట్ట రాతికట్టడం అనగానే ఎవరు కట్టారు, ఎన్నాళ్ళు పట్టింది అన్నారు. వంతెన కట్టిన మనిషి కదా. నాగార్జునుడు కాసేపు పక్కకు జరిగి సాగర్ డ్యామ్ గురించి మాట్లాడుకున్నాం.

డిసెంబరు 13 పొద్దున ఆ ఊళ్ళో సైరన్లు మోగుతాయి. 1937లో జపాన్ సైన్యం చేసిన ఊచకోతలో చనిపోయినవాళ్ళ కోసం. క్లాసు మధ్యలో ఆపేసి అందరం నిలబడతాం. 2014లో దాన్ని దేశమంతటికీ స్మారక దినం చేశారు, అంతకు ముందు నుంచీ నాన్‌జింగ్ సైరన్ వింటూనే ఉంది. ఆయి వాళ్ళమ్మ అప్పుడు చిన్నపిల్ల, ఊరవతల పల్లెకు పారిపోయి బతికింది. ఆ రోజు మాత్రం ఆవిడ ఎర్ర కాగితం బయటికి తీసేవారు కాదు. దాని గురించి నేను అడగలేదు, ఆవిడ కూడా ఇంతకన్నా చెప్పలేదు.

మేం బయలుదేరేటప్పుడు షూషు మా పాపకు యూహ్వా రాళ్ళు ఇచ్చారు. నాన్‌జింగ్ చుట్టుపక్కల కంకరలో దొరికే రంగురంగుల నున్నటి గులకరాళ్ళు. పొడిగా ఉంటే మామూలుగా కనపడతాయి, తెల్ల గిన్నెలో నీళ్ళు పోసి వేస్తే చారలు, మబ్బులు, కొండలు బయటపడతాయి. ఒక బౌద్ధ భిక్షువు ధర్మం చెబుతుంటే ఆకాశం నుంచి పూలవాన కురిసి రాళ్ళయిందని అక్కడి కథ. ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి ఏరుకుని ఒక్కో రాయికి ఒక్కో పేరు పెట్టుకుంటారు. పాప తన రాళ్ళకు ఇడ్లీ, సాంబారు అని పేర్లు పెడితే షూషు వాటిని గంభీరంగా నోట్ చేసుకున్నారు.

వచ్చేశాక వీచాట్‌లో మాట్లాడుకునేవాళ్ళం. ఆయి కొత్తగా కత్తిరించినవి ఫోటోలు పెట్టేవారు. 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో వీచాట్ కూడా ఉంది. దాంతో ఆ కిటికీ మూసుకుపోయింది. కరోనా రోజులు, వాళ్ళిద్దరూ పెద్దవాళ్ళు, ఎలా ఉన్నారో తెలియక నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు. చివరికి ఆ ముగ్గు సూత్రం చెప్పిన కుర్రాడు మెయిల్ రాశాడు. ఇప్పుడు సింగపూర్‌లో ఆర్కిటెక్ట్. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా పాత భవనానికి వెళ్ళి వాళ్ళను చూసి వచ్చాడు. ఇద్దరూ బాగున్నారు. షూషుకు చెయ్యి వణుకు వచ్చి చెక్కడం మానేశారు, నీళ్ళతో రాయడం సాగుతోంది.

మెయిల్‌తో పాటు ఒక ఫోటో. కిటికీ అద్దం మీద ఎర్ర కాగితంతో కత్తిరించిన ఏడు చుక్కల ముగ్గు, చుక్కలున్న చోట కన్నాలు. పెద్దవాళ్ళ యూనివర్సిటీలో తన తోటివాళ్ళకు ఆయి అది నేర్పుతున్నారట. అందరికీ వచ్చేసింది, ఇంకా పెద్దది కావాలని అడిగారట. గ్రాఫ్ కాగితం మీద వేస్తున్నాను. పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది వచ్చేదాకా. మొత్తం 169. ఎనిమిది ఘనంలోంచి ఏడు ఘనం తీసేస్తే సరిగ్గా అంతే వస్తుందని కుర్రాడికి వేరే చెప్పక్కర్లేదు. ఆయికి మాత్రం ఏ మడత ముందో, ఏ కన్నం ముందో నేను చెప్పలేను, అది ఆవిడే చూసుకోవాలి.